తోట బంగళా ఎవరి ఇల్లు?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా పద్మనాభంలో యువత కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాత కట్టడం గురించి మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని అడిగారు. పద్మనాభంలో నిలబడి పాత కట్టడం అనగానే అందరి చూపూ కొండ మీదికే పోతుంది. పైన అనంత పద్మనాభస్వామి గుడి, కింద కుంతీమాధవస్వామి గుడి, మధ్యలో వెయ్యికి పైగా మెట్లు. 1794 జూలై 10న ఈ నేల మీదే విజయనగరం రాజు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచారు. ఆయన సమాధి ఇక్కడే ఉంది. తండ్రి పోయాక ఆయన కొడుకు నారాయణబాబుకి అండగా నిలిచినవాళ్లు కొండ జమీందార్లు. ఈ కథ మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్లకు మీ ఊరి పెద్దలు చెబుతారు.

మేము ఈ రోజు ఎంచుకున్న కట్టడం గుడీ కాదు, కోటా కాదు. తోట బంగళా. టీ తోటలో, చెరకు తోటలో, కాఫీ తోటలో దొర ఉండే ఇల్లు. గుడి గురించి చెప్పడానికి పూజారి ఉన్నాడు, కోట గురించి చెప్పడానికి రాజుగారి వంశం ఉంది. తోట బంగళా గురించి ఇప్పటిదాకా చెబుతున్నది ఎక్కువగా దాన్ని అతిథులకు అద్దెకిచ్చేవాళ్లే. ఆ ఇంటి గోడల్లో మన పనితనం ఉంది. ఆ తోటలో మన కొండల నుంచి వెళ్లిన మనుషుల చెమట ఉంది. కాబట్టి ఆ ఇంటి గురించి మాట్లాడే హక్కు మనకూ ఉంది.

బంగళా అనే మాట

ముందు మాటతో మొదలుపెడదాం. బంగళా అంటే మీకేం గుర్తొస్తుంది? ఎత్తైన కప్పు, పెద్ద వరండా, ముందు పూలమొక్కలు, గేటు దగ్గర వాచ్‌మన్. మన సినిమాల్లో డబ్బున్నవాడి ఇల్లు. అసలు ఆ మాట పుట్టింది పేదవాడి ఇంట్లో. బెంగాల్ పల్లెల్లో రైతు వేసుకునే గడ్డి కప్పు ఇంటిని బంగ్లా అనేవారు. వానకు నీళ్లు నిలవకుండా వాలుగా దించిన కప్పు, చుట్టూ చూరు కింద నీడ, గాలి ఆడే గది. ఓడల మీద వచ్చిన ఆంగ్లేయులకు ఈ దేశపు ఎండలో, ఈ దేశపు వానలో తమ ఊరి ఇళ్లు పనికిరాలేదు. ఇక్కడి రైతు ఇంటిని చూశారు, నచ్చింది, పెద్దది చేసుకున్నారు. పేరు కూడా అదే ఉంచుకున్నారు. తర్వాత ఆ పేరు వాళ్ల భాషలో కలిసిపోయి ప్రపంచమంతా తిరిగి, దొర ఇంటి పేరుగా మళ్లీ మన దగ్గరికి వచ్చింది.

గడ్డి ఇంటి పేరు మేడకు ఎక్కింది. గడ్డి ఇల్లు మాత్రం గుడిసె అయిపోయింది. ఈ ఒక్క మాటలోనే మన చరిత్ర చాలావరకు ఉంది.

మంచె మీద ఇల్లు

ఇప్పుడు అస్సాం వెళ్దాం. అక్కడి టీ తోటల్లో దొరల ఇంటిని చాంగ్ బంగళా అంటారు. చాంగ్ అంటే నేల నుంచి ఎత్తులో కట్టిన వేదిక. మన మాటలో చెప్పాలంటే మంచె. పోడు చేనులో పంటకు కాపలా ఉండటానికి మన తాతలు నాలుగు గుంజలు పాతి, పైన తడిక పరిచి, గడ్డి కప్పు వేసుకునేవారే, అదే మంచె. అడవి పంది వస్తే పై నుంచి కేకవేస్తాం, పాము వస్తే కింద నుంచే పోతుంది, వాన పడితే తడి అంటదు. చాంగ్ బంగళా వెనక ఉన్న ఆలోచన కూడా ఇంతే.

బ్రహ్మపుత్ర ఒడ్డున మిషింగ్ అనే ఆదివాసీలు ఉంటారు. నది ప్రతి ఏడూ పొంగుతుంది. అందుకని వాళ్లు వెదురుతో, కర్రతో నేలకు ఎత్తుగా ఇల్లు కట్టుకుంటారు. దాన్ని చాంగ్ ఘర్ అంటారు. ఎక్కడానికి గంట్లు కొట్టిన ఒక దుంగే నిచ్చెన. నడవడానికి వెదురు నేల, మధ్యలో పొయ్యి, ఇంటి కింద ఖాళీలో మగ్గం, కోళ్లు, పందులు. వరద వచ్చినప్పుడు నీళ్లు ఇంటి కింద నుంచి పోతాయి, మనుషులు పైన ఉంటారు.

1839లో అస్సాం కంపెనీ ఏర్పడి టీ తోటలు పెరగడం మొదలయ్యాక దొరలకు ఇళ్లు కావాల్సి వచ్చింది. చుట్టూ అడవి. ఏనుగులు, పాములు, చెమ్మ, జలగలు, జ్వరాలు. ఆ నేల మీద ఎలా బతకాలో ఆదివాసీకి అప్పటికే తెలుసు. దొరలు ఆ పద్ధతినే తీసుకుని తమ హోదాకు తగినట్టు పెంచుకున్నారు. వెదురు గుంజల చోట లావుపాటి కర్ర స్తంభాలు, కొన్నిచోట్ల ఇనుప స్తంభాలు, తర్వాతి రోజుల్లో సిమెంటు స్తంభాలు. గంట్ల దుంగ చోట వెడల్పాటి మెట్లు. వెదురు తడిక చోట నున్నటి చెక్క నేల. ముందు భాగమంతా పెద్ద వరండా, దోమలు రాకుండా దానికి జాలీ. మొదట్లో గడ్డి కప్పు, ఆ తర్వాత రేకులు. ఎత్తైన గదులు, వేడి పైకి పోయేలా ఏర్పాటు. వంటిల్లు మాత్రం విడిగా, వెనక్కి. నిప్పు భయం ఒకటి, పొగా వంటవాళ్లూ దొర కంటికి కనిపించకూడదన్నది ఇంకొకటి. కింద ఖాళీలో ఒకప్పుడు గుర్రం, తర్వాత జీపు. దిబ్రూగఢ్ దగ్గర మన్‌కొట్టా చాంగ్ బంగళా లాంటివి ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఇప్పుడు పర్యాటకులు బస చేస్తున్నారు.

గోడలో ఏముంది

ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ చదువుతున్న పిల్లలు ఈ భాగం శ్రద్ధగా వినండి. ఈ బంగళాల గోడ చాలావరకు ఇటుక గోడ కాదు. కర్రతో చట్రం కడతారు. ఆ చట్రం మధ్యలో ఇక్రా అనే రెల్లు జాతి గడ్డి కాడలు నిలబెట్టి, రెండు వైపులా మట్టి మెత్తి, పైన సున్నం పూస్తారు. మన భాషలో ఇది దడి గోడ. మన మన్యంలో వెదురు దడి అల్లి, ఎర్రమట్టిలో గడ్డి ముక్కలు కలిపి తొక్కి మెత్తి, పేడతో అలికి కట్టుకునే గోడే అది. పేరు మారింది, పూత మారింది, పద్ధతి ఒకటే.

ఈ గోడ విలువ 1897 జూన్ 12న లోకానికి తెలిసింది. ఆ సాయంత్రం అస్సాంలో చాలా పెద్ద భూకంపం వచ్చింది. షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు కూలిపోయాయి. బరువైన గోడ పగులుతుంది, కూలుతుంది, మనిషిని చంపుతుంది. కర్ర చట్రం, రెల్లు గోడ ఊగుతాయి, బీటలిస్తాయి, కానీ మీద పడి చంపవు. బీటలను మళ్లీ మట్టితో పూడ్చుకోవచ్చు. ఆ భూకంపం తర్వాత ప్రభుత్వ భవనాలు, బడులు, ఇళ్లు కూడా ఈ పద్ధతిలోనే కట్టారు. దానికి అస్సాం తరహా ఇల్లు అనే పేరు స్థిరపడింది. ఆదివాసీ గుడిసెలో ఉన్నంతకాలం అది వెనకబాటుతనం, సర్కారు ఇంజనీరు గీసేసరికి అది తరహా అయింది.

మెట్లకు ఇవతల

బంగళా ఎక్కడ కడతారో కూడా చూడండి. తోటలో ఎత్తుగా ఉన్న చోట. అక్కడ నుంచి చూస్తే తోట కనిపిస్తుంది, ఫ్యాక్టరీ కనిపిస్తుంది, పనివాళ్ల కదలిక కనిపిస్తుంది. పనివాళ్లు ఉండేవి లైన్లు. ఒకదాని పక్కన ఒకటి అతికించినట్టు వరసగా గదులు, గదికి ఒక కుటుంబం. లైన్లు అన్న మాట ఇప్పటికీ అక్కడ వాడుకలో ఉంది. ఒక తోట పటం తీసుకుని బంగళా ఎక్కడుందో, లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెడితే ఎవరు ఎవరిని కనిపెట్టి ఉన్నారో పటమే చెబుతుంది. కట్టడాన్ని చదవడం అంటే ఇది. స్తంభాలు ఎన్ని, కిటికీలు ఎన్ని అని లెక్కపెట్టడం సగం చదువే. ఎవరు ఎక్కే మెట్లు, ఎవరు ఎక్కని మెట్లు అని అడగడం మిగతా సగం.

లైన్లలోకి మనుషులు ఎలా వచ్చారు? అర్కాటీలు అనే దళారులు పల్లెలు తిరిగి మనుషులను పోగుచేసేవారు. టీ ఆకు కోయడం తేలిక పని అని, అక్కడ భూమి ఇస్తారని, తొందరగా తిరిగి రావచ్చని చెప్పేవారు. 1865 నాటి చట్టం మగవాళ్లకు నెలకు 5 రూపాయలు, ఆడవాళ్లకు 4, పిల్లలకు 3 కనీస కూలిగా పెట్టింది. అదే చట్టం పని విడిచి పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకునే అధికారం తోట యజమానికి ఇచ్చింది. పోలీసు కాదు, యజమానే పట్టుకోవచ్చు! 1882 చట్టం ఒప్పందాన్ని ఐదేళ్ల దాకా పొడిగించింది. ఆ పట్టుకునే అధికారం 1908 దాకా పోలేదు. పిల్లలూ, సంతకం పెట్టి పనికి రాకపోతే ఇప్పుడు జీతం పోతుంది. అప్పుడు ఒళ్లే పోయేది.

వాళ్లు ఊరుకోలేదు. 1921 మే నెలలో చర్‌గోలా లోయలోని టీ తోటల నుంచి వేల మంది కూలీలు గాంధీ పేరు తలచుకుంటూ, పిల్లాజెల్లాతో తోటలు విడిచి ఇంటిదారి పట్టారు. చాంద్‌పూర్ స్టేషన్‌లో ఆ రాత్రి సిపాయిల దెబ్బలకు, ఆ తర్వాత కలరాకు చాలామంది బలైపోయారు. మరుసటి ఏడాది, 1922 ఆగస్టు 22న, మన మన్యంలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. ఇక్కడ రోడ్డు పని పేరిట సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించిన కడుపుమంట, అక్కడ తోటలో చాకిరీ చేయించిన కడుపుమంట. ఒకరి సంగతి ఇంకొకరికి తెలుసో లేదో గానీ, మంట ఒకటే.

వెళ్లినవాళ్లలో మనవాళ్లు

అస్సాం తోటలకు వెళ్లినవాళ్లు సంతాలులు, ముండాలు, ఉరావులే అని చాలామంది అనుకుంటారు. ఎక్కువమంది వాళ్లే. కానీ ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా మనుషులు వెళ్లారు. అస్సాం ప్రభుత్వపు ఇతర వెనుకబడిన తరగతుల జాబితాలో తోట కూలీల కులాల పేర్లు ఉంటాయి. అందులో సవర ఉంది. ఖోండ్ ఉంది. కోయ ఉంది. పర్జ ఉంది. పైడి ఉంది. తెలెంగా అని కూడా ఉంది. ఆ పేర్లు వింటుంటే పార్వతీపురం సంతలో నిలబడ్డట్టు లేదూ?

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. మన దగ్గర సవర షెడ్యూల్డ్ తెగ. బ్రహ్మపుత్ర లోయకు వెళ్లిన సవర మనవడు ఆ రాష్ట్రంలో దశాబ్దాల పాటు షెడ్యూల్డ్ తెగ కాలేదు. అక్కడి తోట ఆదివాసీలు ఆ గుర్తింపు కోసం ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. తాత ఒకరే కావచ్చు, భాష ఒకటే కావచ్చు. రైలు ఎక్కినవాడి వంశం ఒక జాబితాలో, ఎక్కనివాడి వంశం ఇంకో జాబితాలో. మీ చేతిలో ఉన్న కుల ధ్రువపత్రం ఒక కాగితం అనుకోకండి. ఆ కాగితం కోసం మీ బంధువులు ఎక్కడో ఇంకా రోడ్డు మీద నిలబడి ఉన్నారు.

సవరల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద పుస్తకం రాశారు. సవరలు కొలిచే శక్తులలో టోపీ పెట్టుకున్న దొర కూడా ఒకడని అందులో రాశారు. దొర వస్తే రోగం వస్తుందని, ఆ రోగం ఊళ్లోకి రాకుండా దొర బొమ్మను కర్రతో చెక్కి నిలబెట్టేవారట. దొర తన చరిత్రను దస్త్రాల్లో రాసుకున్నాడు. మనవాళ్లు దొర చరిత్రను కర్రలో చెక్కారు. రెండూ చరిత్రే.

సముద్రం అవతలి ఇల్లు

ఇక్కడి నుంచి భీమునిపట్నం ఎంత దూరం? ఆటోలో వెళ్లి వచ్చేస్తాం. ఒకప్పుడు ఆ రేవు నుంచి, విశాఖ రేవు నుంచి, గోదావరి జిల్లా కోరంగి రేవు నుంచి మనుషులు రంగూన్ వెళ్లేవారు. ఈ జిల్లాలవాళ్లు మారిషస్‌కీ, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కీ కూడా కూలి ఒప్పందాల మీద వెళ్లారు. మారిషస్‌లో తెలుగువాళ్లకు కోరంగి అనే పేరే పడిపోయింది. అక్కడ ఉగాదికి ఈ రోజుకీ ప్రభుత్వ సెలవు ఉంది.

ఆ దీవిలో మోకా అనే చోట యురేకా అనే పాత తోట ఇల్లు ఉంది. 1830లో కట్టారు. 1856లో లెక్లేజియో కుటుంబం చేతికి వచ్చింది. 2008లో సాహిత్యంలో నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచి రచయిత లె క్లేజియో పూర్వీకులది ఆ ఇల్లు. కర్ర ఇల్లు. చుట్టూ వరండా. తలుపులు, కిటికీలు కలిపి 109 అని చెబుతారు. ఇన్నెందుకు? ఏ మూల నుంచి గాలి వీచినా ఇంట్లోకి వచ్చి ఇంకో మూల నుంచి పోవాలి. అక్కడ కూడా వంటిల్లు విడిగా వెనకే, రాతితో కట్టారు. అస్సాం బంగళాకీ దీనికీ సముద్రాలు అడ్డం. అయినా ఎండ, వాన, నిప్పు భయం, పనివాళ్లను దూరంగా ఉంచాలన్న కోరిక రెండు చోట్లా ఒకే రకమైన ఇంటిని కట్టించాయి.

ఆ ఇల్లు కట్టేనాటికి మారిషస్‌లో ఇంకా బానిసత్వం ఉంది. 1835లో అది రద్దయింది. చెరకు తోటలకు చేతులు కావాలి. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని తీసుకొచ్చి పోర్ట్ లూయీ రేవులో దించింది. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయలు. వాళ్లను ఆంత్వనెట్ అనే చెరకు తోటకు పంపారు. ఆ 36 మంది ఎవరనుకున్నారు? ఛోటా నాగ్‌పూర్ కొండల ఆదివాసీలు. కాగితాల్లో వాళ్ల పేరు కొండ కూలీలు. ఆ తర్వాత 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు ఆ రేవులో దిగారు. ఆ వరసలో మొదటి అడుగు ఆదివాసీది.

ఇప్పుడు ఆ రేవు దగ్గరి ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ కాపాడుతున్నది ఏ రాజభవనమూ కాదు. ఓడ దిగిన కూలీలు ఎక్కిన రాతి మెట్లు, వాళ్లను ఉంచిన గదుల ఆనవాళ్లు, వాళ్ల వంట షెడ్డు. ఏటా నవంబరు 2న ఆ దేశం సెలవు తీసుకుని వాళ్లను తలచుకుంటుంది. యురేకాకు టికెట్టు కొని వెళ్తారు, ఆ మెట్లకు దండం పెట్టడానికి వెళ్తారు. కూలీ మెట్లకు కూడా చరిత్ర ఉందని ఒక దేశం ఒప్పుకుంది. మనమూ ఒప్పుకోవాలి.

మన కాఫీ సంగతి

ఇక మన కొండలకు వద్దాం. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో కాఫీ వేశాడు. అక్కడి నుంచి గూడెం వైపు, 1920ల నాటికి అనంతగిరి, అరకు, చింతపల్లి, మినుములూరు వైపు పాకింది. స్వాతంత్ర్యం వచ్చాక పోడుకు బదులుగా కాఫీ వేయించాలని ప్రభుత్వం అనుకుంది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1960 నుంచి అటవీ శాఖ రిజర్వు అడవుల్లో కాఫీ పెంచింది, 1985లో ఆ తోటలు అటవీ అభివృద్ధి సంస్థకు వెళ్లాయి. గిరిజన రైతుల భూముల్లో కాఫీ వేయించే పని గిరిజన సహకార సంస్థ తీసుకుంది, తర్వాత అది ఐటీడీఏ చేతికి వచ్చింది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అస్సాం తోటకూ మన తోటకూ ఉన్న తేడా ఇదే. మన కాఫీలో ఎక్కువ భాగం చిన్న రైతు తోట. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగ పక్కన, ఎకరమో రెండెకరాలో. ఆ రైతు మీ నాన్న. పండు కోసేది మీ అమ్మ, మీ పెద్దమ్మ. ఆ తోటకు బంగళా లేదు, లైన్లు లేవు. కాఫీ పండు ఎండబెట్టే కళ్లం ఉంది, ఇంటి ముందు అరుగు ఉంది. ఈ తేడా దానంతట అది రాలేదు. మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడే 1/70 చట్టం ఉంది. అనంతగిరి మండలంలో మొదలైన పోరాటం మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. ఈ మూడూ లేకపోతే అరకు కొండ మీద కూడా ఎవరిదో ఒక బంగళా లేచేది, దాని కింద లైన్లలో మనం ఉండేవాళ్లం. రిసార్టు పేరుతోనైనా ఆ బంగళా మళ్లీ రావచ్చు. పట్టా ఎవరి పేరున ఉందో, లీజు కాగితంలో ఏం రాసి ఉందో చదవగలిగినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుండాలి.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఆ మధ్య ఇంటర్ పూర్తిచేసిన మా అమ్మాయిలు నలుగురు దూరపు మిల్లులో పనికి వెళ్తామని సెలవు అడగడానికి వచ్చారు. ఏజెంటు ఇచ్చిన కాగితం చూపించమన్నాం. మూడేళ్లు పని చేస్తే చివర్లో మొత్తం డబ్బు ఒకేసారి ఇస్తారట, మధ్యలో మానేస్తే ఏమీ రాదట. హాస్టల్ దాటి బయటికి వెళ్లకూడదట. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని వాళ్లకు 1882 చట్టం గురించి చెప్పాం. పెద్దమ్మాయి కాసేపు ఆలోచించి, "మేడమ్, మధ్యలో మానితే డబ్బులివ్వరంటే, పారిపోకుండా పట్టుకోవడమే కదా" అంది. నలుగురిలో ఇద్దరు నర్సింగ్‌లో చేరారు. ఒకమ్మాయి విశాఖలో నెల నెలా జీతం వచ్చే పనిలో ఉంది. నాలుగో అమ్మాయి ఇంట్లో అప్పు ఉందని ఆ మిల్లుకే వెళ్లింది. వారానికొకసారి ఫోన్ చేస్తుంది. ఆమె లెక్క మా పుస్తకంలో నెల నెలా రాసుకుంటున్నాం. చరిత్ర చదివితే అందరి అప్పులూ తీరిపోవు. కానీ కాగితం చదవడం వస్తుంది.

మన ఇంటి బొమ్మ

మా వసతి గృహంలో ఒకసారి పిల్లలకు డ్రాయింగు పోటీ పెట్టాం. అంశం: మా ఇల్లు. అరవై మందిలో ఒకరిద్దరు తప్ప అందరూ స్లాబు ఇల్లు వేశారు. రెండు కిటికీలు, మధ్యలో తలుపు, పక్కన కొబ్బరి చెట్టు. వాళ్లలో చాలామంది ఇల్లు మట్టి గోడల పెంకుటిల్లు. కొబ్బరి చెట్టు ఆ కొండ మీద లేనే లేదు. మీ ఇల్లు ఇలా ఉంటుందా అని అడిగితే, "అది బొమ్మ వేయడానికి బాగోదు మేడమ్" అన్నారు.

పాఠ్యపుస్తకంలో ఉన్నదే ఇల్లు అని పిల్ల మనసులో పడిపోయింది. మరుసటి వారం అదే పిల్లలకు చాంగ్ బంగళా ఫొటోలు చూపించాం. ఎంత బాగుందో అన్నారు. దాని గోడ మీ ఇంటి గోడే అని చెప్పాం. స్తంభాలు మీ తాత మంచె గుంజలే అని చెప్పాం. అప్పుడు ఒకమ్మాయి తన ఇంట్లో దడి గోడ ఎలా కడతారో నిలబడి చెప్పింది. ఏ నెలలో వెదురు నరకాలి, ఎలా చేస్తే పురుగు పట్టదు, ఏ గట్టు మట్టి పగలదు, అలికేటప్పుడు చేయి ఎటు తిప్పాలి. పదో తరగతి పిల్ల, అరగంట సేపు తడుముకోకుండా చెప్పింది. ఇంకొకమ్మాయి తమ సవర ఇంట్లో అమ్మమ్మ గోడ మీద వేసే బొమ్మల్లో ఏనుగు ఎక్కడ వస్తుందో, సూర్యుడు ఎక్కడ వస్తాడో చెప్పింది. ఆ రోజు పాఠం చెప్పింది వాళ్లు, రాసుకున్నది మేము.

స్లాబు ఇల్లు వద్దని మేము చెప్పడం లేదు. వాన కారని కప్పు, పాము దూరని గోడ, ఇంట్లోనే మరుగుదొడ్డి ప్రతి కుటుంబానికీ రావాలి. ప్రభుత్వ పథకంలో ఇల్లు వస్తే తీసుకోండి, పోరాడి తీసుకోండి. కానీ పాత ఇంటిని పడగొట్టే ముందు ఒక్కరోజు ఆగండి. ఆ ఇల్లు మీ వంశం రాసిన పుస్తకం. పుస్తకాన్ని చదవకుండా పొయ్యిలో పెట్టకూడదు.

ఈ సెలవుల్లో చేయవలసిన పని

యువతకు పని చెప్పకుండా ప్రసంగం ముగిస్తే టీచరు లక్షణం కాదు. కాబట్టి వినండి, రాసుకోండి.

ఒకటి. మీ ఊళ్లో మిగిలిన పాత ఇల్లు ఒకటి ఎంచుకోండి. టేపు పట్టుకుని పొడవు, వెడల్పు, గుమ్మం ఎత్తు, చూరు ఎత్తు కొలవండి. కాగితం మీద ప్లాను గీయండి. పొయ్యి ఎక్కడ, ధాన్యం ఎక్కడ, ఇంటి దేవత ఎక్కడ, పసిబిడ్డ తల్లి పడుకునే చోటు ఎక్కడ, అన్నీ గుర్తు పెట్టండి.

రెండు. ఇంటి భాగాల పేర్లు మీ భాషలో రాయండి. దూలం, వాసం, అటక, గుమ్మం, అరుగు అనే తెలుగు మాటల పక్కన సవరలో ఏమంటారు, కువిలో ఏమంటారు, గదబలో ఏమంటారు, కోయలో ఏమంటారు. ఇల్లు పోతే ముందు పోయేది ఆ మాటలే.

మూడు. ఆ ఇల్లు కట్టినవాళ్ల పేర్లు అడగండి. దుంగ మోసినవాళ్లు, మట్టి తొక్కినవాళ్లు, అలికిన ఆడవాళ్లు. పద్మనాభం యుద్ధంలో చనిపోయిన రాజు పేరు మనకు తెలుసు. ఆయన పక్కన చనిపోయిన మామూలు మనిషి పేరు మనకు తెలియదు. మన ఇళ్ల విషయంలో కూడా అలా కాకూడదు.

నాలుగు. మీ వంశంలో అస్సాంకో, రంగూన్‌కో, ఇంకెక్కడికో వెళ్లి తిరిగి రానివాళ్లు ఎవరైనా ఉన్నారేమో ముసలివాళ్లను అడగండి. ఫోన్‌లో వాళ్ల మాట రికార్డు చేయండి. ఊరి పేరు, దళారి చెప్పిన మాటలు, చివరిసారి వచ్చిన ఉత్తరం, ఏది గుర్తుంటే అది. అడిగే ముందు అనుమతి తీసుకోండి. ఏడిస్తే రికార్డింగు ఆపేసి పక్కన కూర్చోండి.

అయిదు. ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి, ఒక ప్రతి మీ బడిలో, ఒక ప్రతి మీ సంఘంలో ఉంచండి. వచ్చే ఏడాది ఇదే సభలో ఆ పుస్తకాలన్నీ ఒక బల్ల మీద పెడదాం. బల్ల చాలకపోతే ఇంకో బల్ల తెద్దాం.

మా వసతి గృహం పిల్లలు ఇప్పటికే ఏడు ఇళ్ల ప్లానులు గీశారు. వెనక గోడకు అతికించాం. సభ అయ్యాక చూడండి. తప్పులు కనిపిస్తే గీసిన పిల్లలకే చెప్పండి, వాళ్లు పెన్సిలు పట్టుకుని అక్కడే ఉంటారు.